కొమ్మా, పొల్లా? బెల్లంపల్లిలో రెండు రోజులు

"బిడ్డా, మన బీరువాల పట్టిక కరాబైంది. తెలుగు మొత్తం పోయింది" అన్నారు మాస్టారు ఫోన్లో. చిన్నప్పుడు బడిలో నాకు తెలుగు చెప్పినాయన. రిటైరయ్యాక మా బస్తీలో నాలుగు బీరువాల పుస్తకాలతో ఒక చదువుకునే గది నడుపుతున్నారు. ఆ పుస్తకాల్లో ఎక్కువ భాగం బొగ్గు బాయి పని చేసి దిగిపోయినవాళ్ళు ఇచ్చినవే. అందుకే ఆయన పట్టికలో పుస్తకం పేరు, రాసినవారి పేరుతో పాటు 'ఇచ్చినవారు' అని మరో వరుస ఉంటుంది. వాళ్ళలో కొందరు ఇప్పుడు లేరు.

"ఎట్ల పోయింది సారూ?"

"కరెంటు పోయి వచ్చినంక తెర నల్లగై కూసున్నది. ఎవరో వచ్చి మల్ల మొదలుపెట్టిచ్చిండ్రు. అప్పటిసంది అక్షరాల జాగల అన్నీ ప్రశ్నగుర్తులే."

హైదరాబాదులో నా ఉద్యోగం సర్వర్లు చూసుకోవడం. రోజంతా నల్ల తెర మీద తెల్ల అక్షరాల ముందే కూర్చుంటాను. కాబట్టి ఆ మాట వినగానే కొంత అర్థమైంది. "ఎవరినీ ముట్టుకోనియ్యకండి సారూ, పొద్దున రైలుకు వస్తున్న" అన్నాను. ఆ మాట చెప్పేసరికే కొంచెం ఆలస్యమైందని బెల్లంపల్లి చేరాక తెలిసింది.

కాజీపేట దాటాక ఆ లైను తీరే వేరు. జమ్మికుంట, పెద్దపల్లి దాకా పొలాలు. రామగుండం దగ్గరికి రాగానే ఎన్టీపీసీ పొగగొట్టాలు కనబడతాయి, పక్క పట్టాల మీద బొగ్గు వ్యాగన్లు బారులు తీరి ఉంటాయి. తర్వాత గోదావరి వంతెన. మా పిల్లలతో వచ్చినప్పుడల్లా వంతెన మీద నాణెం వేయమంటాను, ఈసారి ఒక్కడినే కాబట్టి నేనే వేశాను. మంచిర్యాల, మందమర్రి, ఆ తర్వాత మా ఊరు. 1920ల చివర ఇక్కడ బొగ్గు తవ్వడం మొదలైంది. కాజీపేట నుంచి బల్లార్షా వైపు రైలు వచ్చిందీ ఆ రోజుల్లోనే. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు మా ఊరు ఆదిలాబాద్ నుంచి మంచిర్యాల జిల్లాలోకి వచ్చింది. ఒకప్పటి బాయిలు చాలా మూతబడ్డాయి. షిఫ్టు సైరన్ మీద గడియారం సరిచేసుకున్న ఊరు ఇప్పుడు పొద్దున ఎనిమిదింటికి కూడా నెమ్మదిగానే కదులుతుంది.

స్టేషన్లో దిగి పసుపు బోర్డు ముందు ఒక నిమిషం నిలబడ్డాను. బెల్లంపల్లి. చదివేవాడి కంటికి నాలుగు అక్షరాలు: బె, ల్లం, ప, ల్లి. కంప్యూటరుకు మాత్రం ఇవి నాలుగు కావు. బ, దాని ఎత్వం, ల, పొల్లు, మళ్ళీ ల, సున్నా, ప, ల, పొల్లు, ల, గుడి. మొత్తం 11 గుర్తులు. యూనికోడ్‌లో తెలుగుకు 3072 నుంచి 3199 దాకా 128 గదులు కేటాయించారు. ఆ గదుల్లోని ఏ గుర్తైనా యూటీఎఫ్-8 పద్ధతిలో ఫైలులోకి ఎక్కితే మూడు బైట్లవుతుంది. అంటే మా ఊరి పేరు 33 బైట్లు. ఈ 33 అనే అంకెను గుర్తుపెట్టుకుని మాస్టారి గదికి నడిచాను.

గదిలో పాత డెస్క్‌టాప్ ఒకటి ఉంది. పదేళ్ళ కిందట ఊరి కుర్రాడొకడు దాంట్లో లైనక్స్ వేసి, బీరువాకొక ఫైలు చొప్పున నాలుగు ఫైళ్ళు పెట్టి, గ్రాఫిక్ తెర మీద తెలుగు టైపు చేయడం మాస్టారికి నేర్పి వెళ్ళాడు. కరెంటు దెబ్బకు ఆ గ్రాఫిక్ తెర లేవడం లేదు. లాగిన్ అడిగే నల్ల తెర ఒక్కటే వస్తోంది. దానినే కన్సోల్ అంటారు. మాస్టారు నా పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నారు.

ముందు ఫైళ్ళ జాబితా అడిగాను. తెలుగు పేర్లున్న ఫైళ్ళన్నీ 340, 260, 254 అంటూ వెనకగీతలతో అంకెల వరుసలుగా వచ్చాయి. అక్కడే ఊపిరి పీల్చుకున్నాను. ఎనిమిదింటి లెక్కలో 340, 260 అంటే పదింటి లెక్కలో 224, 176. తెలుగు గుర్తు ఏదైనా యూటీఎఫ్-8లో 224తో మొదలై, 176 గానీ 177 గానీ మధ్యలో పెట్టుకుని, మూడో బైటుతో ముగుస్తుంది. ఆ వరుస చెక్కుచెదరకుండా ఉందంటే బైట్లు ఉన్నాయన్న మాటే. వాటిని అక్షరాలుగా చదవమని యంత్రానికి చెప్పేవాళ్ళే లేరు.

చెప్పే చోటును లోకేల్ అంటారు. ఏ భాష, ఏ దేశం, ఏ అక్షర పట్టిక అన్నది లాంగ్ అనే ఒక చిన్న మాటలో దాగి ఉంటుంది. దానిమీద ఎల్‌సీ-సీటైప్, ఆ రెంటి మీదా ఎల్‌సీ-ఆల్ పెత్తనం చేస్తాయి. ఈ యంత్రంలో ఎల్‌సీ-ఆల్‌కు ఎవరో 'సీ' అని పెట్టి వదిలేశారు. 'సీ' అంటే ఉత్త ఇంగ్లీషు అక్షరాల లోకం, 127 దాటినదేదీ దానికి అక్షరం కాదు. ఎల్‌సీ-ఆల్‌ను తీసేసి, ఈటీసీ కింద డిఫాల్ట్‌లో ఉండే లోకేల్ ఫైలులో లాంగ్‌కు టీఈ-ఐఎన్ యూటీఎఫ్-8 అని రాశాను. లైనక్స్‌లో తెలుగు లోకేల్‌కు యూటీఎఫ్-8 తప్ప మరో పట్టిక లేదు కాబట్టి తడబడే పని లేదు. బయటికి వచ్చి మళ్ళీ లాగిన్ అయ్యాను. మొదటి బీరువా ఫైలు తెరిచాను.

తెర నిండా వజ్రాలు. నల్ల వజ్రం, లోపల ప్రశ్నగుర్తు. బెల్లంపల్లి అని ఉండాల్సిన చోట సరిగ్గా 11 వజ్రాలు.

"గిదే బిడ్డా, గిదే చూస్తున్న నేను" అన్నారు మాస్టారు. ఆయన గొంతులో ఆశ జారిపోయింది. నాకు మాత్రం ఆ 11 చూసి ప్రాణం లేచొచ్చింది. 33 గుర్తులు వచ్చి ఉంటే కన్సోల్ ఒక్కో బైటును ఒక్కో అక్షరంగా చదువుతోందన్న మాట. 11 వచ్చాయంటే మూడేసి బైట్లను కలిపి సరిగ్గానే చదివింది, గీయడానికి దాని దగ్గర బొమ్మ లేదు, అంతే. ఆయనకు నమ్మకం కుదరాలని ఫైలును అంకెల్లో చూపించాను. 224, 176, 172: బ. 224, 177, 134: ఎత్వం. పెన్సిలుతో కాగితం మీద ఒక్కోటి రాసుకుంటూ 33 దాకా లెక్కపెట్టారాయన. చివరి గుడి దగ్గరికి వచ్చాక కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"మరి బొమ్మ ఎందుకు లేదు?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. లైనక్స్ కన్సోల్ తెరను సమానమైన గళ్ళుగా కోస్తుంది, గడికి ఒక బొమ్మ. ఫాంటులో 256 బొమ్మలు, మహా అయితే 512. ఇంగ్లీషుకు ఇది బోలెడు. తెలుగులో ఒక్క క గుణింతానికే పదిహేను దాకా రూపాలు కావాలి, ఆపైన వత్తులు కింద వేలాడాలి, క్షకు వేరే ఆకారం, శ్రీకి ఇంకో ఆకారం. ఎత్వం పెడితే తలకట్టు మాయమవ్వాలి. గడి దాటి కిందికీ పైకీ వెళ్ళే లిపిని గళ్ళ తెర మోయలేదు. కొత్త టెర్మినల్ కిటికీల్లో కూడా ఈ గళ్ళ లెక్క ఉంది. మార్కుస్ కూన్ అనే ఆయన రాసిన వెడల్పు లెక్కను చాలా ప్రోగ్రాములు ఆధారం చేసుకున్నాయి. దాని ప్రకారం పొల్లుకు, గుడికి, ఎత్వానికి సున్నా వెడల్పు, హల్లుకూ సున్నాకూ ఒక్కో గడి. అలా బెల్లంపల్లికి ఏడు గళ్ళొస్తాయి. రాసేది నాలుగక్షరాలు, కేటాయించింది ఏడు గళ్ళు. ఆ తేడా వల్లే టెర్మినల్లో తెలుగు పదాల మధ్య సందులు పడతాయి, వెనక్కి చెరిపితే కర్సర్ తప్పిన చోట ఆగుతుంది.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. నల్ల తెర మీద తెలుగు ఎప్పుడూ రాలేదనుకుంటే పొరపాటు. ఐఐటీ కాన్పూర్‌లో మోహన్ తాంబే బృందం 1980లలో తయారుచేసిన జిస్ట్ పరిజ్ఞానాన్ని పుణెలోని సీడాక్ 1988 తర్వాత ముందుకు తీసుకెళ్ళింది. కంప్యూటరులో గుచ్చే జిస్ట్ కార్డు ఒకటి వచ్చింది. అది ఉంటే మామూలు డాస్ తెర మీదే తెలుగు, హిందీ, తమిళం వచ్చేవి. లిపిని గీసే భారం ఆ కార్డే మోసేది. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ఇస్కీ పట్టికను ఐఎస్ 13194గా ప్రకటించింది. అదే ఏడాది అక్టోబరులో యూనికోడ్ మొదటి కూర్పు వచ్చింది, అందులోనూ తెలుగు ఉంది. ఆ మరుసటి ఏడాది సెప్టెంబరులో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ న్యూజెర్సీలో ఒక హోటలు బల్ల మీది కాగితంపై యూటీఎఫ్-8 గీశారు. ముప్పై ఏళ్ళు దాటాయి. దాచడం, పంపడం, వెతకడం అన్నీ కుదిరాయి. మొట్టమొదట వెలిగే ఆ నల్ల తెర మీద మాత్రం జిస్ట్ కార్డు రోజుల్లో ఉన్నది ఇవాళ లేదు. ఇది నాకు బాధ కలిగించే విషయం, దాచుకోను.

అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడి వింటున్న మాస్టారి మనుమడు మెల్లగా ముందుకు వచ్చాడు. పాలిటెక్నిక్ చదువుతున్నాడు. "అన్నా, ఒకటి చెప్పాలె" అన్నాడు. తాతకు సాయం చేద్దామని నాలుగో బీరువా ఫైలును పెన్‌డ్రైవులో తన ల్యాప్‌టాప్‌కు తీసుకుపోయాడట. విండోస్ నల్ల కిటికీలో తెరిస్తే ఇంకో రకం గజిబిజి వచ్చిందట. మొదటి బీరువా ఫైలును అదే కిటికీలో తెరిచి చూపించమన్నాను. వరుస వరుసకూ గ్రీకు ఆల్ఫా, దాని పక్కన చుక్కల గడి, మళ్ళీ ఆల్ఫా, మళ్ళీ చుక్కల గడి. మధ్యలో ఎక్కడో 'పావు' అని రాసే భిన్నం గుర్తు. తెర మీద బొగ్గు పొడి చల్లినట్టుంది.

వాడికి అర్థమయ్యేలా ఎలా చెప్పాలా అని చూస్తే మా బాపు, అంటే మా నాన్న, గుర్తొచ్చాడు. బాపు శాంతిఖని బాయిలో పనిచేశాడు. షిఫ్టుకు పోయేటప్పుడు లాంప్ రూములో ఇత్తడి బిళ్ళ ఇచ్చి తలదీపం తీసుకునేవాడు. బిళ్ళ మీద పేరుండదు, నంబరే. ఆ నంబరు ఎవరిదో ఆ బాయి మస్టర్, అంటే హాజరు పుస్తకం, తెరిస్తే తెలుస్తుంది. అదే నంబరు పక్క బాయి మస్టర్లో ఇంకొకరిది.

"224 అనే బిళ్ళ తీసుకో తమ్మీ" అన్నాను. "పాత అమెరికా కంప్యూటర్ల 437 నంబరు పట్టికలో అది ఆల్ఫా. పశ్చిమ యూరపు భాషల 1252 పట్టికలో ఏటవాలు గీత ఉన్న ఇంగ్లీషు 'ఏ'. ఇస్కీ పట్టికలో ఎత్వం. యూటీఎఫ్-8లో అది అక్షరమే కాదు, నా వెనక ఇంకా ఇద్దరున్నారు, ముగ్గురినీ కలిపి చదువు అని చెప్పే బైటు. నీ కిటికీ 437 మస్టర్ పట్టుకుని పిలిచింది. అందుకే ఆల్ఫా పలికింది. 176 ఆ పట్టికలో చుక్కల గడి, 172 పావు గుర్తు. నువ్వు చూసిన ఆల్ఫా, చుక్కల గడి, పావు ఈ మూడూ కలిసి ఒక్క 'బ'."

వాడు ఆ తెర వైపు చాలాసేపు చూశాడు. "అంటే ఇది పాడు కాలేదా అన్నా?"

"ఈ కిటికీలో చూసినందుకు ఏం కాలేదు."

విండోస్ కిటికీలో సీహెచ్‌సీపీ అని కొట్టి పక్కన 65001 అని ఇస్తే పట్టిక యూటీఎఫ్-8కు మారుతుంది. మార్చాం. ఇప్పుడు ఆల్ఫాలు పోయి ఖాళీ డబ్బాలొచ్చాయి. పట్టిక కుదిరింది, ఆ కిటికీ వాడే ఫాంటులో తెలుగు లేదు. పట్టిక వేరు, ఫాంటు వేరు. ఈ రెంటినీ ఒకటే అనుకోవడం వల్ల మనవాళ్ళు ఎన్ని గంటలు పోగొట్టుకుంటారో నేను రోజూ చూస్తాను. డబ్బాలు కనబడితే బొమ్మ లేదని, వింత గుర్తులు కనబడితే పట్టిక తప్పని అర్థం. మొదటిదానికి ఫాంటు కావాలి, రెండోదానికి సెట్టింగు కావాలి. విండోస్‌లో తెలుగుకంటూ పాతకాలపు కన్సోల్ పట్టిక ఎన్నడూ లేదు. ఇస్కీ తెలుగుకు 57005 అనే నంబరు ఇచ్చారు గానీ అది ఫైళ్ళను మార్చుకోవడానికే. 2020లో స్థిరపడిన కొత్త విండోస్ టెర్మినల్లో తెరిస్తే ఒక ఫాంటులో లేని అక్షరాన్ని ఇంకో ఫాంటు నుంచి తెచ్చుకుంటుంది. అందులో మొదటి బీరువా పుస్తకాల పట్టిక చదవగలిగేలా వచ్చింది, వత్తులు అక్కడక్కడ పక్కకు జరిగినా.

కానీ నాలుగో బీరువా ఫైలు మాత్రం అందులోనూ రాలేదు.

అప్పుడు పిల్లవాడు మిగతాది చెప్పాడు. వింత గుర్తులు చూసి భయపడి, నెట్‌లో దొరికిన ఒక చిన్న ప్రోగ్రాముతో ఫైలును 'సరిచేసి', సేవ్ చేసి, దాన్నే తెచ్చి తాత కంప్యూటరులో పాతదాని మీద పెట్టాడు. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మాస్టారు ఏమీ అనలేదు, వాడి భుజం మీద చెయ్యి వేశారు. ఆ ఒక్క ఫైలుకూ వేరే నకలు లేదు.

ఆ రాత్రి మాస్టారింట్లోనే జొన్నరొట్టె తిని ఫైలు ముందు కూర్చున్నాను. జరిగింది తెలుసుకోవడం కష్టం కాలేదు. ఆ ప్రోగ్రాము యూటీఎఫ్-8 ఫైలును 1252 పట్టికతో చదివింది. మూడు బైట్ల తెలుగు గుర్తును మూడు ఇంగ్లీషు గుర్తులనుకుని, ఆ మూడింటినీ మళ్ళీ యూటీఎఫ్-8లో రాసింది. వచ్చిన దారినే వెనక్కి నడిపిస్తే అసలు బైట్లు తిరిగి రావాలి. నడిపించాను. చాలా వచ్చాయి, అన్నీ రాలేదు. 1252 పట్టికలో ఐదు గదులు ఖాళీ: 129, 141, 143, 144, 157. ఆ నంబరు బిళ్ళ వస్తే మస్టర్లో పేరే లేదు. ఆ ప్రోగ్రాము అలాంటి ప్రతి చోటా ప్రశ్నగుర్తు పెట్టి ముందుకు పోయింది. ఇది తెర మీద కనబడే ప్రశ్నగుర్తు కాదు, ఫైలులో నిజంగా రాసేసిన ప్రశ్నగుర్తు. అసలు బైటు పోయినట్టే.

ఏ అక్షరాల చివర ఆ ఐదు నంబర్లు ఉన్నాయో కాగితం మీద వేసి చూసి నిశ్చేష్టుడినయ్యాను. 177 తర్వాత 129 అంటే కొమ్ము. 177 తర్వాత 141 అంటే పొల్లు. 176 తర్వాత వచ్చేవి ఏ, ఐ, ఝ, అరసున్న. తెలుగులో కొమ్ము లేని వాక్యం ఎక్కడుంది? పొల్లు లేకపోతే వత్తే లేదు. రెండు వందల పైచిలుకు వరుసల్లో కొమ్ములూ పొల్లులూ అన్నీ రాలిపోయి వాటి జాగాలో ప్రశ్నగుర్తులు నిలబడ్డాయి.

అయితే అదే కాగితంలో దారి కూడా ఉంది. 224, 177, ప్రశ్నగుర్తు అని వస్తే అది రెంటిలో ఒకటే: కొమ్మా, పొల్లా. యంత్రానికి అంతవరకే తెలుసు. ఏదో చెప్పాల్సింది తెలుగు వచ్చినవాళ్ళు.

పొద్దున్నే కాంటా చౌరస్తాకు పోయి చాయ్ తాగి వచ్చి, ముగ్గురం కూర్చున్నాం. నేను చిన్న స్క్రిప్టు రాశాను. అనుమానం ఉన్న ప్రతి చోటా ఆగి అడుగుతుంది, ఒకటి నొక్కితే కొమ్ము, రెండు నొక్కితే పొల్లు. తెర మీద చూపించేది బ్రౌజరులో, అక్కడ తెలుగు చక్కగా వస్తుంది కాబట్టి. పిల్లవాడు కీబోర్డు ముందు, మాస్టారు వాడి పక్కన. మొదట వచ్చిన పేరు అల్లం రాజయ్య నవలది. 'కొలిమంట' తర్వాత ప్రశ్న, 'క' తర్వాత ప్రశ్న, 'న' తర్వాత ప్రశ్న, ఆపైన 'నది'.

మాస్టారు రెప్ప వేయలేదు. "కొలిమంటుకున్నది. కొమ్ము, కొమ్ము, పొల్లు."

ఒకటి, ఒకటి, రెండు. పేరు నిండుగా నిలబడింది. పిల్లవాడు తాత వైపు తిరిగి నవ్వాడు. రెండు రోజుల్లో వాడు నవ్వడం అదే మొదలు.

అక్కణ్ణుంచి సాగింది. ఏ, ఐల గొడవ దాదాపు లేదు, ప్రశ్నగుర్తు వెనక 'దు' ఉంటే అది ఐదే, 'డు' ఉంటే ఏడే. కొమ్ము, పొల్లుల దగ్గరే అప్పుడప్పుడు ఆగాల్సి వచ్చింది. 'గుర్తు' అన్నా పదమే, 'గురుతు' అన్నా పదమే. 'వేల్పు', 'వేలుపు' రెండూ ఉన్నాయి. 'బతుకు' దగ్గర మాస్టారు ఆగి, "మనం బత్కు అంటం గద బిడ్డా. పుస్తకం మీద ఏమున్నదో చూడాలె" అన్నారు. లేచి నాలుగో బీరువా తెరిచి, అట్ట మీది అక్షరాలు తడిమి చూసి, "బతుకు" అని కేక వేశారు. అలా పుస్తకాల పేర్లన్నీ బీరువా సాక్షిగా తేలిపోయాయి.

'ఇచ్చినవారు' వరుస అంత తేలిక కాలేదు. పేరు మనిషిది. ఒక పేరును బడి సర్టిఫికెట్టులో ఒకలా, మస్టర్లో ఒకలా, ఇంట్లో పిలిచేటప్పుడు ఒకలా రాసుకున్న ఊరు మాది. అనుమానం వచ్చిన చోట మాస్టారు కళ్ళు మూసుకుని ఆ మనిషిని తలచుకునేవారు. ఫలానా బాయిలో ట్రామర్, ఫలానా ఫిల్లర్, పింఛను తీసుకున్న మొదటి నెలలో ఈ పుస్తకం కొనిచ్చిండు అని చెప్పి, అప్పుడు కొమ్మో పొల్లో చెప్పేవారు. రెండు చోట్ల ఆయనకూ తెలియలేదు. పిల్లవాడు సైకిలేసుకుని ఆ ఇళ్ళకు పోయి అడిగి వచ్చాడు. ఒక ఇంట్లో ఆ పెద్దాయన భార్య తన భర్త పేరు పలకను అని, మనుమరాలి చేత కాగితం మీద రాయించి పంపింది. ఆ కాగితం ఇప్పుడు పట్టిక రిజిస్టరులో అంటించి ఉంది.

సాయంత్రం నాలుగింటికి చివరి ప్రశ్నగుర్తు పోయింది.

మిగిలిన పని చకచకా చేశాం. గ్రాఫిక్ తెరను లేపాను. నాలుగు ఫైళ్ళనూ రెండు పెన్‌డ్రైవుల్లో నకలు తీసి ఒకటి మాస్టారి దగ్గర, ఒకటి నా దగ్గర పెట్టుకున్నాం. లెక్కల షీటులో తెరవడానికి తీసిన నకలుకు మాత్రం మొదట 239, 187, 191 అనే మూడు బైట్ల గుర్తు పెట్టాను. అది లేకపోతే విండోస్‌లో ఎక్సెల్ ఆ ఫైలును మళ్ళీ 1252 అనుకుంటుంది. లైనక్స్ ఫైళ్ళకు ఆ గుర్తు పెట్టలేదు, అక్కడ అది మొదటి వరుసకు అడ్డం పడుతుంది.

పిల్లవాడికి ఇంకొకటి చూపించాను, వాడు అడిగాడు కాబట్టి. కన్సోల్‌ను యూనికోడ్ నుంచి పాత బైట్ల పద్ధతికి మార్చి 'ఛత్తీస్‌గఢ్' అని ఉన్న వరుసను తెరిచాను. ఛ మూడో బైటు 155. లైనక్స్ కన్సోల్ పాత పద్ధతిలో దాన్ని అక్షరంగా చూడదు, 'ఇక్కడి నుంచి ఆదేశం' అనుకుని దాని వెనక బైటును మింగేస్తుంది. తెలుగు అక్షరమాలలో ఆ గుణం ఛ ఒక్కదానికే ఉంది. మళ్ళీ యూనికోడ్‌లోకి మార్చగానే వజ్రాలు సరిగ్గా లెక్కకు వచ్చాయి. వాడు ఆ సంగతి నోటు పుస్తకంలో రాసుకున్నాడు. వాడికి ఈ పని అబ్బుతుందని నాకు నమ్మకం కుదిరింది.

వెళ్ళే ముందు మాస్టారు తెల్ల కాగితం మీద తన గుండ్రటి చేతిరాతతో రాసి డెస్క్‌టాప్ డబ్బాకు అంటించారు: ఈ ఫైళ్ళు యూనికోడ్, యూటీఎఫ్-8. లోకేల్ టీఈ-ఐఎన్. నల్ల తెర మీద వజ్రాలు వస్తే భయపడవద్దు, లోపల అక్షరాలున్నాయి. ఎవరూ మార్చి సేవ్ చేయవద్దు.

ఇది చదువుతున్న మీ ఊళ్ళోనూ సంఘం ఆఫీసులోనో, బడిలోనో, ఇంట్లోనో ఇలాంటి పాత తెలుగు ఫైలు ఒకటి ఉండి ఉంటుంది. తెరిస్తే గజిబిజి కనబడిందనుకోండి, దయచేసి సేవ్ నొక్కకండి. ముందు నకలు తీసి పక్కన పెట్టండి. ఆ ఫైలు ఏ పట్టికలో రాశారో రాసినవాళ్ళనే అడిగి, ఆ మాటను దాని పక్కనే కాగితం మీద రాసిపెట్టండి.